పిట్టలదొర తొవ్వ: యాలాల నుంచి ఓరుగల్లు దాంక

(యాలాల మండల కేంద్రంల కళాకారులు, విద్యార్థులు, ఉద్యోగులు కూడుకున్న సమావేశంల ఒక కళాబృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

మమ్ములను పాడుమంటే పాడుతం, ఆడుమంటే ఆడుతం. మాట్లాడుమంటేనే జర కష్టం. ఎందుకంటే ఏ సభల జూసినా మాట్లాడేటోళ్లు వేరే ఉంటరు. మేం వాళ్ల నడుమ వచ్చిపోయేటోళ్లం. పొద్దుగాల నాయకులు వచ్చేదాంక జనం లేచిపోకుండ ఒకపారి, పగటన్నం తిన్నంక నిద్ర రాకుండ ఇంకోపారి మైకు మా చేతికిస్తరు. దీనికి మేమే 'నడుమ ఆట' అని పేరు పెట్టుకున్నం. ఇయ్యాల ఆ నడుమ ఆట గురించే నాలుగు మాటలు చెప్తం. 2011 జనవరి ఆఖర్ల యాలాల నుంచి హన్మకొండకు పోయి, ఒక ఉద్యోగ సంఘం మహాసభల పిట్టలదొర ఆట ఆడొచ్చినం. ఆ ముచ్చట మీ ముంగట పెడుతం. దాంట్ల నవ్వుడున్నది, ఆకలున్నది, ఒక కుల పత్రం కత గూడ ఉన్నది.

చదువుకునే పిల్లలల్ల కొందరికి పిట్టలదొర తెల్వకపోవచ్చు. ఊర్లల్ల పెద్దోళ్లను అడుగుండ్రి. లత్కోర్ సాబ్ అని గూడ అంటరు, తుపాకి రాముడనీ అంటరు. అతుకులేసిన ఖాకీ కోటు, నెత్తి మీద పాత టోపి, భుజం మీద కట్టె తుపాకి. పంటలొచ్చిన కాలంల ఊర్లెకు వస్తడు. వాకిట్ల నిలవడి, తనకు వంద ఊర్ల జమీను ఉన్నదంటడు, చార్మినార్ తన తాత కట్టించిండంటడు, నీకు రేపు ఏనుగును పంపిస్త అంటడు. ఆఖరుకు ఒక శేరు జొన్నలు అడుగుతడు. ఆ ఏనుగుకు ఈ శేరు జొన్నలకు నడుమ ఉన్న దూరమే ఆయన ఆట. జనం అక్కడనే నవ్వుతరు.

ఇయ్యాల రాజకీయ నాయకులు ఒకలనొకలు 'పిట్టలదొర' అని తిట్టుకుంటున్నరు. మాకది మనసున పట్టదు. పిట్టలదొర చెప్పేది అబద్ధమని ఆయనకు తెలుసు, వినేటోళ్లకు తెలుసు. ఆయన ఎవలనూ మోసం జెయ్యలే. అబద్ధాన్ని నిజమని నమ్మించి ఓట్లు అడిగేటోళ్లకు ఆ పేరు పెట్టి మా తాతలను అవమానం జెయ్యొద్దని మనవి.

తెలంగాణ ఉద్యమంల ఈ ఆటకు మల్ల పానం వచ్చింది. 1997 నుంచి భువనగిరి, సూర్యాపేట, వరంగల్ సభలతోని జనం కదిలిండ్రు. 2002లో కామారెడ్డిల ధూంధాం మొదలయినంక ప్రతి మండలంల ఒక బృందం పుట్టింది. మా బృందం గూడ అట్ల పుట్టిందే. ఇద్దరు డప్పు కొట్టేటోళ్లం, నలుగురం పాడేటోళ్లం, ఒక డోలక్, ఒక పిట్టలదొర. అందరం ఈ యాలాల, తాండూరు చుట్టుపక్కల ఊర్లోళ్లమే. ఒకలు నాపరాతి గనిల కూలికి పోతరు, ఒకలు కంది చేను కౌలుకు జేస్తరు, ఒకలు డిగ్రీ చదివి ట్యూషన్లు చెప్తుండె. పిట్టలదొర తాత మాత్రం మాతోని చేరకముందు నుంచే వేషం గట్టినోడు. ఊరూరు తిరిగే సంచార కులంల పుట్టినోడు. ఆయనను అందరం 'దొర' అనే పిలుస్తుంటిమి. పేరుకు దొర, ఉండేది గుడిసె.

ఇగ తొవ్వ ముచ్చట. 2010 డిసెంబర్ 30న శ్రీకృష్ణ కమిటీ నివేదిక ఇచ్చింది. 2011 జనవరి 6న అది బయటవడ్డది. ఆరు మార్గాలు చెప్పిండ్రు. విద్యార్థులు, ఉద్యోగులు ఉడికిపోతున్న దినాలవి. ఫిబ్రవరి 17న సహాయ నిరాకరణ మొదలయ్యేది ఇంక ముంగట ఉన్నది. అసొంటప్పుడు హన్మకొండ నుంచి మాకు పిలుపొచ్చింది. పొద్దుగాల పది గంటలకు సభ, తొమ్మిదింటికి అక్కడ ఉండాలన్నరు. యాలాల నుంచి హన్మకొండ 250 కిలోమీటర్ల పైనే. బస్సులల్ల పోతే డప్పులు, డోలక్, మైకు సామాను పట్టవు. ఎనిమిది మందిమి ఒక టాటా ఏస్ ట్రాలీ కిరాయికి మాట్లాడుకున్నం. కింద గడ్డి పరుచుకొని, పైన పరదా కట్టుకొని, రాత్రి పదకొండింటికి ఎల్లినం. జొన్నరొట్టెలు, పచ్చికారం మూట గట్టుకున్నం.

తాండూరు దాటేదాంక దుమ్మే దుమ్ము. బండల లారీలు, సిమెంటు లారీలు తిరిగి తిరిగి తొవ్వ తొవ్వలెక్క లేకుండె. ధారూర్ దాటి అనంతగిరి గుట్టెక్కంగనే చలి ఎముకలల్లకు దిగింది. వికారాబాద్, మన్నెగూడ, చేవెళ్ల. ఆ తొవ్వ పొంటి మర్రిచెట్లు రెండు దిక్కుల నుంచి కమ్ముకొని గుహల పోతున్నట్టే ఉంటది. డప్పులు చలికి బిగువు తప్పుతయని మా దుప్పట్లు తీసి వాటికి కప్పినం. డప్పు మోగకపోతే మమ్ముల పిలిచేదెవరు?

పట్నం దాటేటప్పుడు ఒక కాడ పోలీసులు ఆపిండ్రు. పరదా లేపి లైటేసిండ్రు. కట్టె తుపాకి కనవడ్డది. "ఏందిది? లైసెన్సున్నదా?" అన్నడు ఒకాయన. దొర లేచి సలాం కొట్టి, "ఉన్నది సారూ, అబద్ధాలాడే లైసెన్సు. తాతల నాటిది, ఏడాదికోపారి కొత్తగ రాయించే పనిలేదు" అన్నడు. ఆయన నవ్వుడు ఆపుకోలేకపోయిండు. "పోండ్రి" అన్నడు. ఆ రోజులల్ల తెలంగాణ పాట పాడేటోళ్ల బండిని నవ్వుకుంట పోనిచ్చుడంటే చిన్న ముచ్చట గాదు.

తెల్లారేటాళ్లకు భువనగిరి గుట్ట కనవడ్డది. బండి ఆపించి కిందికి దిగినం. బెల్లి లలితక్క ఊరు. నూలు మిల్లుల కూలి జేసిన ఆడిబిడ్డ, గొంతెత్తి తెలంగాణ పాట పాడిన బిడ్డ. 1999 మే నెలల ఆమెను చంపి, ఒంటిని 17 ముక్కలు జేసిండ్రు. పాటకు ఎంత బలమున్నదో పాడేటోళ్లకంటే దాన్ని చూసి భయపడ్డోళ్లకే ఎక్కువ తెలుసు. మా ఆడోళ్లు ఇద్దరు అక్కడ రెండు నిముషాలు కండ్లు మూసుకొని నిలవడ్డరు. ఎవలం మాట్లాడలే. తర్వాత ఆలేరు, జనగామ. ఒగ్గుకత చుక్క సత్తయ్య పుట్టి పెరిగిన జాగ. ఆయన 2017లో కన్నుమూసిండు. అప్పటికింక ఆయన ఢమరుకం మోగుతనే ఉండె.

తొమ్మిదింటికి చేరినం. దొర మాతోని లోపలికి రాలే. గేటు బయట చాయ్ బండి కాడ కూసున్నడు. ఇది ఆయన పద్ధతి. ఏ ఊరికి పోయినా ముందుగాల చాయ్ బండి కాడ అరగంట కూసుంటడు. ఇక్కడ ఏ బస్సు లేటొస్తది, ఏ ఆఫీసుల ఎన్ని దినాలు తిప్పుతరు, కొత్తగ ఏం కట్టిండ్రు, ఏం కూలింది, అన్నీ చెవినేసుకుంటడు. ఆటల అవే పేర్లు పడుతయి. వినేటోళ్లకు 'ఈయనకు మా ఊరి ముచ్చట ఎట్ల తెలుసు' అనిపిస్తది. డప్పుకు మాకు ఒక గుర్తు ఉంటది. దొర తుపాకి బుజం మార్చిండంటే మూడు దెబ్బలు కొట్టాలె, కొత్త కోత మొదలైతున్నట్టు.

పదింటికి నాయకులు రాలే. మైకు మాకిచ్చి "వాళ్లు వచ్చేదాంక నడిపియ్యుండ్రి" అన్నరు. దొర ఎక్కిండు.

"నేనెవలనుకున్నరు? యాలాల సంస్థానం దొరను! మీ ఇండ్లల్ల మీరు తొక్కే ప్రతి బండ నాదే. తాండూరు గనిల తవ్విచ్చి దేశమంత పంపిన. మా తొవ్వకు మాత్రం ఒక్క బండ మిగలలే! మూసీ నది మా అనంతగిరిల పుట్టింది. పుట్టినప్పుడు పాలలెక్క ఉండె. పట్నం పోయినంక నల్లవడ్డది. పట్నం పోయిన మా ఎమ్మెల్యేలను జూస్తే గూడ నాకు మూసీయే యాదికొస్తది!"

సభ నవ్వింది. దొర బుజం మార్చిండు. మూడు దెబ్బలు పడ్డయి.

"ఇగో, ఈ సంచిల 610 జీవో ఉన్నది. 1985 డిసెంబర్ 30న పుట్టింది. 86 మార్చి 31 కల్లా ఎవలను వాళ్ల జాగకు పంపుమన్నది. నేను దాన్ని నెమలీకలెక్క పుస్తకంల దాసిపెట్టిన. పాతికేండ్లాయె, పిల్లలు పెట్టలే. మేత ఎయ్యమన్నరు, గిర్‌గ్లానీ కమిషన్ ఏసిన. అది గూడ మేసింది. ఇంక పిల్లలు పెట్టలే!"

ఉద్యోగులు బల్లలు గుద్దిండ్రు. 610 జీవో మీద ఎన్ని ఉపన్యాసాలు విన్నరో వాళ్లకే తెలుసు. ఆ నెమలీక ముచ్చట విన్నంక ఒక పెద్దాయన కండ్లు తుడుసుకుంటున్నది మేం చూసినం. నవ్వుకు తుడుసుకున్నడో, దుఃఖానికో అడగలే. మల్ల మూడు దెబ్బలు.

"నిన్న రాత్రి హన్మకొండకు తొవ్వ ఎటు అని ఒక కమిటీని అడిగిన. ఏడాది కూసోబెట్టి ఆరు తొవ్వలు జెప్పిండ్రు. మొదటిది గుంతలది, రెండోది గోడకు తగుల్తది, మూడోది, నాలుగోది పక్కోళ్ల ఊరికి పోతది. అయిదోది సక్కగ హన్మకొండకే పోతది, గాని దాని మీద పోవద్దన్నరు. ఆరోది మంచిగున్నదన్నరు. ఎక్కినం. పొద్దంత నడిసి చూస్తే మా ఇంటి ముంగటనే ఉన్నం!"

అంతే, హాలు దద్దరిల్లింది. ఆ నివేదిక వందల పేజీలు. చదివినోళ్లు ఎందరో, చదవనోళ్లు ఎందరో. ఆరో మార్గమంటే ఉన్నకాడనే ఉండుడు అని ఆ రెండు నిముషాలల్ల అందరికి అర్థమయింది. సరిగ్గ అప్పుడే బయట కార్లు ఆగినయి. ఒకాయన ఉరికొచ్చి "సాలు సాలు, దిగుండ్రి" అని మైకు గుంజుకున్నడు. దొర ఒక కాలు గాల్లె లేపి ఉన్నడు. ఆ కాలు అట్లనే కిందికి దించి, టోపి తీసి, దండం పెట్టి దిగిండు. మేం డప్పులు సదురుకున్నం.

ఉపన్యాసాలు రెండున్నర దాంక నడిచినయి. అన్నం కాడికి పోతే టోకెన్లు అయిపోయినయన్నరు. ట్రాలీల ఎక్కి మా రొట్టెలు మేం తిన్నం. ఇది ఒక్క ఆ సభ ముచ్చటే అనుకోవద్దు, అందుకే పేరు జెప్తలేం. పేరు మార్చి ఏ సభనన్న రాసుకోవచ్చు. కళాకారుడు ఉద్యమానికి గుండెకాయ అని వేదిక మీద చెప్పేటోళ్లే, ఆ గుండెకాయకు అన్నం పెట్టాలని యాదిమరిచేది.

పగటన్నం తర్వాత వెనుక వరుసల కూసున్న ఆడోళ్లు లేచిండ్రు. టీచర్లు, నర్సులు, గుమాస్తాలు. "పొద్దుగాల సగం ఆపిచ్చిండ్రు, ఆ తాత మాట పూర్తి కానియ్యుండ్రి" అని పట్టువట్టిండ్రు. పదిహేను నిముషాలిచ్చిండ్రు. దొర మల్ల ఎక్కిండు. ఈపారి డప్పు వద్దన్నడు. టోపి తీసి కింద పెట్టిండు. తుపాకి దాని పక్కన పెట్టిండు.

"దొరలారా, దొరసానులారా! పొద్దటి నుంచి నా అబద్ధాలు విన్నరు. ఇగ ఒక్క నిజం జెప్త, నవ్వద్దు. నా మనుమడు ఏడో తరగతి. హాస్టల్ల చేరాలంటే కుల పత్రం దెమ్మన్నరు. మీ అసొంటి ఆఫీసుకే పోయిన. ఏ ఊరన్నరు. తిరిగే ఊర్లన్ని నావే అన్న. ఇంటి నంబరన్నరు. గుడిసెకు నంబరు ఎవలు రాస్తరన్న. జాగ కాయితం అన్నరు. కాయితముంటే తుపాకి ఎందుకు మోస్తన్న. మల్ల రా అన్నరు. తొమ్మిది పార్లు పోయిన. రేపు మన రాష్ట్రం మనకొస్తది. మన కొలువులు మనకొస్తయి. ఆ కుర్సీల మీరే కూసుంటరు. నా మనుమడు అప్పుడు పదోపారి వస్తడు. ఆ కాయితం మీద సంతకం పెట్టేటోళ్లు ఈ సభల ఉంటే, ఇప్పుడే చెయ్యి లేపుండ్రి."

అయ్యలారా, వెయ్యి మంది కూసున్న హాల్ల ఫ్యాను సప్పుడు తప్ప ఇంకేం వినరాలే. ముందు ఒక చెయ్యి లేచింది. తర్వాత పది. తర్వాత ఎన్నో లెక్కపెట్టలే. కొందరు లేపలే, వాళ్లు గూడ మాకు యాదికున్నరు. దొర టోపి పెట్టుకొని, "లేపిన చేతులన్ని నా సంచిల ఏసుకున్న, మల్ల వస్త" అని దిగిండు.

సభ అయినంక ఒక మండలాఫీసు ఉద్యోగి మా ట్రాలీ కాడికొచ్చిండు. ఏ అర్జీ ఎవలకు పెట్టాలె, ఊర్లె విచారణ ఎట్ల జేపిచ్చాలె, సాక్ష్యం ఎవలు చెప్పాలె, అన్నీ కాయితం మీద రాసిచ్చిండు. ఆ కాయితం పట్టుకొని మా బృందంల డిగ్రీ చదివినాయన నాలుగు నెలలు తిరిగిండు. పత్రం వచ్చింది. పిలగాడు హాస్టల్ల చేరిండు. ఒక సభ మాకు ఏమిచ్చిందంటే మేం ఇది చెప్తం. డీజిల్ పైసలు మాత్రమే అప్పుడిచ్చిండ్రు, మిగిలినయి తర్వాత పంపుతమన్నరు. ఆ 'తర్వాత' ఇప్పటిదాంక రాలే.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. సంతోషపడ్డం, ఎగిరినం, మా డప్పులు పగిలేదాంక కొట్టినం. సాంస్కృతిక సారథి పెట్టి దాదాపు 550 మంది కళాకారులకు కొలువులిచ్చిండ్రు. మంచిదే. ఉద్యమంల పాడినోళ్ల ఇంట్ల పొయ్యి వెలిగింది. గాని కొలువు రానోళ్లు వేలల్ల ఉన్నరు. కొలువొచ్చినోళ్లకు పథకాల మీద పాటలు పాడే పని వడ్డది. అడిగే పాటకు, పొగిడే పాటకు దరువొక్కటే కావచ్చు, గొంతు ఒక్కటి కాదు. ఇది ఒక పార్టీనో, ఒక సర్కారునో అంటున్నది గాదు. ఏ సర్కారొచ్చినా పిట్టలదొర దాని ముంగట నిలవడి నవ్వగలగాలె. అప్పుడే అది మన రాష్ట్రం.

దొర ఇప్పుడు లేడు. ఆయన కొడుకు ఊర్లల్ల ప్లాస్టిక్ సామాను అమ్ముతడు, వేషం గట్టడు. "ఆ వేషం గడితే నా కొడుకును బడిల ఎక్కిరిస్తరు" అంటడు. ఆయనను మేం తప్పువట్టం. అన్నం పెట్టని, గౌరవం దక్కని కళను బతికించుమని ఆకలిగొన్నోనికి చెప్పే హక్కు మాకు లేదు, మీకు లేదు.

అందుకే కొన్ని మాటలు అడుగుతున్నం. భిక్ష గాదు, హక్కుగ అడుగుతున్నం.

సభలు పెట్టే సంఘాలకు: కరపత్రంల వక్తల పేర్లు అచ్చేస్తరు, కళాకారుల కాడికొచ్చేటాళ్లకు 'సాంస్కృతిక కార్యక్రమాలు' అని ఒక్క ముక్క రాస్తరు. మా పేర్లు గూడ అచ్చెయ్యుండ్రి. మాకంటూ ఒక టైం రాయుండ్రి. ఆ టైంల ఎంత పెద్దోళ్లొచ్చినా ఆట ఆపొద్దు. వచ్చినోళ్లు గూడ కూసొని చూడనియ్యుండ్రి. పైసలు ఆటకు ముందే ఇయ్యుండ్రి.

తొవ్వ గురించి మరీ మరీ చెప్తున్నం. 2025 నవంబర్ 3న పొద్దుగాల చేవెళ్ల మండలం మీర్జాగూడ కాడ తాండూరు బస్సును కంకర టిప్పర్ ఢీకొట్టి 19 మంది పానాలు పోయినయి. పట్నంల చదువుకునే పిల్లలు, కొలువులకు పోయేటోళ్లు, మన ఇండ్లోళ్లు. మేం ఎన్నో ఏండ్లుగ అర్ధరాత్రులు తిరిగిన తొవ్వ అదే. దినాం బస్సుల పోయేటోళ్లకే భద్రం లేని తొవ్వ మీద, సామాను బండ్లల్ల పరదాల కింద కళాకారులను తిప్పుడు బంద్ జెయ్యాలె. దూరమున్న సభకు ముందు దినమే పిలిచి, పండుకోను జాగ ఇచ్చి, తెల్లారినంకనే తోలియ్యాలె. ఆట ఎంత మంచిగున్నా ఇంటికి తిరిగొచ్చినంకనే అది పూర్తయినట్టు.

ఉద్యోగులకు: ఆ దినం లేపిన చేతులు ఇంక దించొద్దు. ఏడాదిల ఒక ఆదివారం మీ మండలంల సంచార కులాల గుడిసెల కాడికి పోండ్రి. ఎవలకు కుల పత్రం లేదు, ఎవలకు రేషన్ కార్డు లేదు, ఎవల పిల్లలు బడి బయట ఉన్నరు, రాసుకొని రాండ్రి. అర్జీ మీరే నింపుండ్రి. అది మీ చేతులల్ల ఉన్న పని.

విద్యార్థులకు: మీ చేతిల ఫోను ఉన్నది. మీ ఊర్లె పిట్టలదొర వేషం గట్టిన ముసలాయన ఇంక బతికి ఉంటే, ఈ నెలల పోయి ఆయన కోతలు రికార్డు జెయ్యుండ్రి. ఎవల కాడ నేర్చుకున్నడు, ఏ ఊర్లు తిరిగిండు, ఏ ఊర్లె ఏం పెట్టిండ్రు, అన్నీ అడుగుండ్రి. ఆయన పేరుతోనే దాసిపెట్టుండ్రి. మా దొర ఆటను మేం రికార్డు జేసింది ఏడు నిముషాలే. అరవయ్యేండ్లు ఆడిన మనిషిది ఏడు నిముషాలు మిగిలింది.

ఇగ మా మనిషి ఒకలు లేచి పిట్టలదొర ఆట ఆడుతరు. దొర మనుమడే. ఆనాడు కుల పత్రం అడిగిన పిలగాడే. డిగ్రీ అయింది, కొలువుకు పరీక్షలు రాస్తున్నడు, తండ్రి వద్దన్నా తాత వేషం మొదటిపారి కడుతున్నడు. పదిహేను నిముషాలు ఆడుతడు. ఎవలొచ్చినా ఆపేది లేదు.

జై తెలంగాణ!